తవిటమ్మ కొండ ఉయ్యాల

అనగనగనగా, కొండ కాళ్ళ దగ్గర ఒక ఊళ్ళో, తవిటమ్మ అని ఒకావిడ ఉండేది. ఊఁ కొట్టు మరి. నువ్వు ఊఁ కొట్టకపోతే కథ అక్కడే చతికిలబడుతుంది, నేనూ నిద్రపోతాను.

ఆ తవిటమ్మ పెద్ద మనిషి. వయసులో కాదు తల్లీ, ఒంట్లో. లావంటే లావే, దాచేదేముంది? ఆవిడ గుమ్మంలో నిలబడితే ఇంట్లోకి వెలుగు రావడానికి సందు ఉండేది కాదు.

ఆవిడ కన్నా ముందు వాళ్ళమ్మ పోలమ్మకి ఇద్దరు బిడ్డలు పుట్టి దక్కకుండా పోయారు. అందుకని ఈ పిల్ల పుట్టగానే చేటలో పడుకోబెట్టి, పక్కింటావిడ దగ్గర గుప్పెడు తవుడు పుచ్చుకుని అమ్మేసినట్టు అమ్మేసి, మళ్ళీ ఇంటికి తెచ్చుకున్నారు. అలా చేస్తే బిడ్డ నిలుస్తుందని వాళ్ళ నమ్మకం. అందుకే తవిటమ్మ అని పేరు. "పుచ్చుకున్నది గుప్పెడు తవుడు, పెరిగింది పుట్టెడు పిల్ల" అని పోలమ్మ ఊరంతా చెప్పుకుని మురిసేది.

మురవదూ మరి? మిగతా ఆడవాళ్ళు ఒక మోపు ఎత్తితే తవిటమ్మ రెండు ఎత్తేది. బండి బురదలో దిగబడితే ఎడ్లని అదిలించే ముందే తవిటమ్మని కేకేసేవాళ్ళు.

ఆ ఊరి వాళ్ళకి కొండచీపుళ్ళే బతుకుతెరువు. అదే, మనం ఇల్లు ఊడ్చుకునే మెత్తటి చీపుళ్ళు. ఆ గడ్డి కొండ మీద పెరుగుతుంది. కోతలకాలం రాగానే ఆడవాళ్ళందరూ కొండెక్కి, కొన్నాళ్ళు అక్కడే ఉండి కోసుకొచ్చేవాళ్ళు. కొండ ఏటవాలు నేలలో ఒక్కొక్కరికి ఒక్కొక్క వాలు. తల్లి వాలు కూతురికి వస్తుంది. పోలమ్మ వాలు కొండకి తూర్పు వైపు ఉండేది. ఎండ ముందుగా పడేది దాని మీదే. గడ్డి మనిషెత్తు పెరిగేది.

అయితే ఆ కొండ మీద ఒక కట్టు, అంటే కట్టుబాటు, ఉంది. అక్కడ నేల మీద ఎవరూ ఒళ్ళు వాల్చకూడదు. ఆ నేల కొండమ్మ తల్లి పక్క. ఆవిడ పక్క మీద మనం పడుకుంటే ఊరుకుంటుందా? ఆవిడ ఊరుకున్నా తేళ్ళు ఊరుకోవు, గండుచీమలు అసలే ఊరుకోవు. మంచె కట్టుకోవచ్చుగా అంటావు. పచ్చని చెట్టు మీద కత్తి వెయ్యడం కూడా తప్పే. అందుకని అందరూ చెట్టుకీ చెట్టుకీ మధ్య గుడ్డ ఉయ్యాల కట్టుకుని అందులో పడుకునేవాళ్ళు. దాన్ని కొండ ఉయ్యాల అనేవాళ్ళు.

దానికి తోడు ఇంకో కట్టు. వరసగా మూడేళ్ళు కొండ మీద నిద్ర చెయ్యలేకపోయిన మనిషి వాలు, పక్క వాలు వాళ్ళకి వెళ్ళిపోతుంది.

పోలమ్మ ఉన్నన్నాళ్ళూ కొండ మీద నిద్ర చేసింది ఆవిడే. ఆవిడ పోయిన మొదటి ఏడు తవిటమ్మ తల్లి ఉయ్యాలే పట్టుకుని కొండెక్కింది. పోలమ్మ చీపురుపుల్లలా ఉండేది. కూతురు అందులో ఇలా కూర్చుందో లేదో, పర్రుమని చిరిగి, దబ్బుమని కింద పడింది. అందరూ పడీపడీ నవ్వారు. తవిటమ్మ ఆ సాయంత్రమే కొండ దిగి వచ్చేసింది.

రెండో ఏడు వాళ్ళ వదిన ఆదెమ్మ తన ఉయ్యాల ఇచ్చింది. ఆదెమ్మ అంటే తవిటమ్మ మొగుడికి అక్క. ఈసారి గుడ్డ చిరగలేదు కానీ తాడు తెగింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. అందరూ తలలు పక్కకి తిప్పుకున్నారు. నవ్విన దాని కన్నా అదే ఎక్కువ నొప్పి పెట్టింది తవిటమ్మకి.

ఇదిగో, ఇప్పుడు మూడో ఏడు వచ్చింది. ఈ ఏడు కూడా పడుకోలేకపోతే అమ్మ వాలు పోతుంది. ఎవరికి పోతుంది? పక్క వాలు ఆదెమ్మదే కదా, ఆదెమ్మకే. "నాకొద్దే నీ వాలు" అని ఆదెమ్మ పాపం కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కానీ కట్టు కట్టే.

కోతలకి పెద్ద సూరమ్మ. మాటంటే మాటే ఆవిడది. తవిటమ్మ వెళ్ళి అడిగితే, "నానేటి సెయ్యనే తవిటీ? మీ యమ్మ నాకు అక్క లాటిది. అలాగని నీకో కట్టు, ఊరికో కట్టు పెట్టగలనేటి?" అంది.

తవిటమ్మ ఏడవలేదు. ఉండు, అబద్ధం ఎందుకు, ఏడ్చింది. చూసినవాళ్ళు పొగ అనుకుంటారని పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చింది. ఆ తర్వాత ముక్కు చీదుకుని ఇలా అనుకుంది: 'అమ్మ ఉయ్యాల అమ్మ ఒంటికి కుట్టుకుంది. వదిన ఉయ్యాల వదిన ఒంటికి కుట్టుకుంది. నా ఒంటికని నేనెప్పుడు కొనుక్కున్నాను? ఊరికే నా ఒంటిని నేను తిట్టుకుంటున్నాను గానీ, అది చేసిన తప్పేముంది?'

ఎంత మంచి మాట అనుకుందో చూడు. నువ్వు కూడా గుర్తుపెట్టుకో. గౌను పట్టకపోతే గౌను మారుస్తాం గానీ పిల్లని మారుస్తామా?

అప్పుడు తవిటమ్మ చింతపండు అమ్మిన కాస్త డబ్బు కొంగున ముడేసుకుని సంతకి బయల్దేరింది. అంతకన్నా ఆవిడ దగ్గర లేదు. దానితోనే ఉయ్యాల రావాలి, ఆ ఉయ్యాల ఆవిణ్ణి మొయ్యాలి.

నడుస్తూ నడుస్తూ ఆలోచించింది. పసిబిడ్డని మొదటిసారి ఉయ్యాలలో వేసే ముందు ఏం చేస్తారు? ఆ ఊళ్ళో ముందుగా పొత్రాన్ని వేస్తారు. పొత్రం అంటే రోట్లో పప్పు రుబ్బే నున్నటి రాయి. దాన్ని కడిగి, బొట్టు పెట్టి, బిడ్డలాగే పడుకోబెట్టి, మూడుసార్లు ఊపుతారు. ఉయ్యాల నిలిచిందంటే అప్పుడు బిడ్డని వేస్తారు. నిన్నూ అలాగే వేశాం. నువ్వు మాత్రం పొత్రం కన్నా ఎక్కువ గోల చేశావు.

బిడ్డ కోసం బిడ్డ కన్నా బరువైన రాయి వేసి చూస్తారు కదా? 'మరైతే నా కోసం నా కన్నా బరువైనది వేసి చూడాలి' అనుకుంది తవిటమ్మ.

సంతలో ఉప్పు కొట్టు దగ్గరికి వెళ్ళి, "తమ్ముడూ, రెండు ఉప్పు బస్తాలు ఓ గడియ అరువియ్యి. తిననులే, తెచ్చిచ్చెస్తాను" అంది. ఉప్పు కొట్టు అతను నవ్వి, బస్తా మోసే కూలీని పిలవబోయాడు. ఈలోగా తవిటమ్మ చెరో భుజానికి ఒక బస్తా ఎత్తుకుని వెళ్ళిపోయింది. అతని నవ్వు నోట్లోనే ఉండిపోయింది.

మొదట వలల కొట్టుకి వెళ్ళింది. అక్కడ సన్నటి దారంతో అల్లిన వల ఉయ్యాల ఉంది. అంచులకి ఎర్రటి కుచ్చులు. ఎంత ముద్దుగా ఉందో! పైగా చవక. "పిడికిట్లో ఇమిడిపోద్దమ్మా! ఏనుగునైనా మోసెస్తాది" అన్నాడు వలలవాడు.

"ఏనుగుని తేలేదు నాయినా. ఉప్పు బస్తా తెచ్చాను, మొయ్యమను" అంది తవిటమ్మ. ఒక బస్తా తీసి అందులో పెట్టింది. పట్... పట్... పటపటపట! ఉప్పు బస్తా నేల మీద, ఎర్ర కుచ్చులు బస్తా మీద. వలలవాడు ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డాడు.

ఆ తర్వాత పట్నం షావుకారు కొట్టుకి వెళ్ళింది. ఆయన ఉయ్యాల నిగనిగలాడిపోతోంది. రెండు కొసలకీ అడ్డంగా కర్రలు పెట్టి, గుడ్డని బల్లలాగా చాపి కట్టాడు. చూస్తే పట్టుపరుపే. ధర విన్నాక తవిటమ్మ కొంగు ముడి గట్టిగా పట్టుకుంది. అయినా అడిగి చూద్దామని, "ఓపాలి బస్తా ఏసి సూత్తాను బాబూ" అంది.

"ఇంత మంచి గుడ్డ మీద ఉప్పు బస్తానా? నీకేమైనా మతి పోయిందా?" అని కేకలేశాడు షావుకారు.

"అయితే తమరే ఎక్కి సూపించండి."

షావుకారు మీసం దువ్వుకుని, ఠీవిగా కూర్చుని, రెండో కాలు కూడా పైకెత్తాడు. అంతే. బల్లలా చాపిన ఉయ్యాల కదా, ఒక పక్కకి కాస్త ఒరగ్గానే గిరుక్కున తిరగబడింది. షావుకారు కింద, ఉయ్యాల పైన. లేచి పంచె దులుపుకుంటూ "గాలి, గాలి" అన్నాడు. గాలి ఎక్కడుంది తల్లీ? ఆ పూట ఆకు కూడా కదలలేదు.

ఆ తర్వాత తవిటమ్మ సంత చివరికి వెళ్ళింది. అక్కడ ఒక నేత ముసలమ్మ కూర్చుని కునికిపాట్లు పడుతోంది. ఆవిడ అమ్మేది కళ్ళంలో ధాన్యం రాశి మీద కప్పే ముతక గుడ్డ. రంగు లేదు, అంచు లేదు. ఒట్టి మట్టిముద్దలా ఉంది. కానీ చెయ్యి వేస్తే దళసరిగా, గట్టిగా ఉంది. పన్నా, అదే గుడ్డ వెడల్పు, అయితే తవిటమ్మ రెండు చేతులూ చాపినా ఇంకా మిగిలింది. ముసలమ్మ ఒక గుడ్డని కొసలు ముడేసి రెండు గుంజలకి వేలాడదీసి, దుమ్ము పడకుండా తన మూటలన్నీ అందులో పడేసుకుంది.

తవిటమ్మ ఆ మూటలు తీసి కింద పెట్టి, ఒక బస్తా వేసింది. నిలిచింది. రెండో బస్తా వేసింది. నిలిచింది. అప్పుడు ఒక బస్తా దింపేసి, ఆ చోట తానే ఎక్కి కూర్చుంది. ఒళ్ళో పిల్లలా ఉప్పు బస్తా! గుడ్డ కిమ్మనలేదు.

ముసలమ్మకి మెలకువ వచ్చి, "ఎంత పెద్ద రాశి మీదకమ్మా?" అని అడిగింది.

"మీదకి కాదవ్వా, కిందకి. నా కిందకే" అని తవిటమ్మ తన పొట్ట తట్టుకుని నవ్వింది.

మామూలు ముతక గుడ్డ కదా, కొంగు ముడిలో డబ్బు సరిపోవడమే కాదు, ఇంకా మిగిలింది. ఆ మిగిలిన దానితో ఎడ్లని కట్టే లావుపాటి పగ్గాలు రెండు కొంది. చెట్టు బెరడు కోసుకోకుండా పగ్గం కింద చుట్టడానికి రెండు పాత గోనెసంచులు అడిగి పుచ్చుకుంది. ఉప్పు బస్తాలు కూడా మర్చిపోకుండా తిరిగిచ్చింది.

కోతల రోజు వచ్చింది. అందరూ కొండెక్కారు. పొద్దు వాలే వేళకి ఎవరి ఉయ్యాలలు వాళ్ళు కట్టుకుంటున్నారు. తవిటమ్మ మూట విప్పగానే, "ఓలమ్మో, అదేటే, కళ్ళం గుడ్డ తెచ్చీసింది!" అని ముసిముసిగా నవ్వారు. సూరమ్మ నవ్వలేదు. ఒక రాయి మీద కూర్చుని చూస్తోంది. ఆవిడ కళ్ళలో దిగులు కనిపించింది తవిటమ్మకి.

అప్పుడు ఆదెమ్మ పరుగున వచ్చి, "నువ్వాగే, నాను కడతాను" అని పగ్గాలు లాక్కుంది.

ఇక్కడ నీకొక సంగతి చెప్పాలి. ఆ ఊళ్ళో నులక మంచం ఎంత బిగువుగా ఉంటే ఆ ఇల్లాలు అంత పనిమంతురాలని లెక్క. పొద్దున లేవగానే కాలు తన్నిపెట్టి మంచం నులక బిగిస్తారు. ఎవరింట్లోనైనా మంచం వదులుగా ఉందా, ఇక వాళ్ళ పిల్లలకి సంబంధాలు రావడం కూడా కష్టమే! అలాంటి ఊళ్ళో పుట్టిన ఆదెమ్మ ఉయ్యాల ఎలా కడుతుంది? చెట్టుకి కాలు అడ్డం పెట్టి, పళ్ళు బిగించి, లాగి లాగి, మంచంలాగే బిగించింది. పాపం ఆవిడ మనసులో కల్మషం లేదు. ప్రేమ కొద్దీ ఇంకా గట్టిగా లాగింది.

"రా, పడుకో. ఇనప మంచం లాగుంది" అంది చెమట తుడుచుకుంటూ.

తవిటమ్మ మెల్లగా కూర్చుంది. పగ్గం కిర్రుమంది. చెట్టు కిర్రుమంది. ముడి ఒక వేలెడు జారింది. తవిటమ్మ చటుక్కున లేచి నిలబడింది. మళ్ళీ ఆడవాళ్ళ తలలన్నీ పక్కకి తిరుగుతున్నాయి.

కానీ తవిటమ్మ కొండ దిగలేదు. చెట్టుకి ఆనుకుని ఆలోచించింది. 'ఇదే గుడ్డ. సంతలో నన్నూ ఉప్పు బస్తానీ కలిపి మోసింది. అప్పుడు మొయ్యగలిగింది, ఇప్పుడెందుకు మొయ్యలేకపోతోంది? ఏం మారింది?' సంతలో ఆ గుడ్డ ఎలా ఉందో తలుచుకుంది. ముసలమ్మ దాన్ని లాగి కట్టలేదు. మధ్యలో కడుపు దిగి వేలాడుతూ ఉంది. పసిబిడ్డకి కట్టే ఉయ్యాల మాత్రం ఎవరైనా బిగించి కడతారా? బిగించి లాగితే ఉన్న బరువుకి తోడు ఆ లాగుడు కూడా తాడు మీద పడుతుంది. ఆ రెండేళ్ళూ తను కూడా అలాగే బిగించి కట్టుకుంది!

వెంటనే ముడులు విప్పేసింది.

"ఒలే ఒలే, వదులుగా కడతావేటే? బద్దకం ఉయ్యాల!" అని ఆదెమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంది.

"అవునొదినా, బద్దకం ఉయ్యాలే. దీనికి మన ఊరి సంబంధాలేవీ అక్కర్లేదు" అంది తవిటమ్మ.

పగ్గాలని చెట్ల మీద ఇంకాస్త పైకి జరిపి, గోనెసంచులు అడ్డం పెట్టి కట్టింది. కడుపు దిగేలా వదిలింది. మరీ పైకి కాకుండా, కూర్చుంటే కాళ్ళు నేలకి ఆనే ఎత్తులో ఉంచింది. ఒకవేళ పడ్డా నడుం విరగకూడదు కదా. ఆ తర్వాత ఎక్కి పడుకుంది.

ఉయ్యాల నిలిచింది! కానీ తల ఒక పక్క, కాళ్ళు ఒక పక్క పైకి లేచి, తవిటమ్మ అరటిపండులా వంగిపోయింది. గెడ్డం వెళ్ళి గుండెలకి తగిలింది. అలా పడుకుంటే తెల్లారేసరికి మెడ పట్టేస్తుంది. ఇటు దొర్లింది, అటు దొర్లింది. దొర్లుతూ దొర్లుతూ ఒకసారి ఏటవాలుగా పడింది. తల ఆ అంచు వైపు, కాళ్ళు ఈ అంచు వైపు. అంత వెడల్పు గుడ్డ కదా, అలా అడ్డంగా పడేసరికి చక్కగా చదునుగా పరుచుకుంది. వీపు కింద పరుపు లాగా అయిపోయింది. తవిటమ్మకి ఒళ్ళంతా హాయిగా అనిపించింది. ఇంత హాయి తన ఒంటికి కూడా రాసిపెట్టి ఉందని ఆవిడకి అప్పటిదాకా తెలియదు.

"ఎలాగుందే?" అని సూరమ్మ అడిగింది.

తవిటమ్మ అప్పటికే గుర్రు పెడుతోంది.

తెల్లారింది. ఆ కొండ మీద కోత మొదలుపెట్టే ముందు ఒక ఆచారం ఉంది. వాలు గల మనిషి తన వాలు నెత్తిన నిలబడి, తల్లి పేరూ తన పేరూ కేకేసి చెప్పాలి. మిగతా వాళ్ళు "నీదే, నీదే!" అని బదులు పలకాలి. ఎండ ముందు పడేది తూర్పు వాలు మీదే కాబట్టి, మొదటి కేక ఆ వాలుదే. రెండేళ్ళుగా ఆ కేక లేదు. ఆదెమ్మతో మొదలుపెట్టేవాళ్ళు.

ఆ రోజు కూడా అలవాటు కొద్దీ ఆదెమ్మ నోరు తెరవబోయింది. సూరమ్మ చెయ్యి అడ్డం పెట్టి, "ఆగండే" అంది. అందరూ తవిటమ్మ ఉయ్యాల చుట్టూ చేరారు. తవిటమ్మ ఇంకా నిద్రపోతోంది. ఎండ కొండ మీదకి ఎక్కుతోంది. కోతకి ఆలస్యమవుతోంది. అయినా సూరమ్మ లేపనివ్వలేదు. "రెండేళ్ళ నిద్ర బాకీ ఉంది దానికి. తీరనీండి" అంది.

ఆ తర్వాత తవిటమ్మ కళ్ళు తెరిచింది. చుట్టూ అందరి మొహాలు చూసింది. ఒక్క తల కూడా పక్కకి తిరిగి లేదు. ఒళ్ళు తడుముకుంది. ఎక్కడా దెబ్బ లేదు. కింద నేల చూసింది. నేల కింద ఉంది, తను పైన ఉంది. అప్పుడు అర్థమైంది, తెల్లారిపోయిందని.

లేచి జుట్టు ముడేసుకుంది. చీర దులుపుకుంది. అమ్మ వాలు ఎక్కింది. ఏ ఒంటిని చూసి ఊరు నవ్విందో, ఆ ఒంటినంతా నిటారుగా నిలబెట్టింది. గుండెల నిండా గాలి పీల్చింది. పెద్ద ఒళ్ళు కదా, ఎంత గాలి పట్టిందో! అప్పుడు ఒక్క కేక వేసింది.

"పోలమ్మ కూతుర్ని! తవిటమ్మని! ఈ వాలు నాదీ!"

ఆ కేకకి పక్క కొండ పలికింది. దాని వెనక కొండ పలికింది. కింద ఊళ్ళో బావి దగ్గర నీళ్ళు తోడుతున్న తవిటమ్మ మొగుడు విని, చేద వదిలేసి, "అది మా ఆవిడే! మా ఆవిడ గొంతే!" అని కనిపించిన వాళ్ళందరికీ చెప్పాడట.

కొండ మీద ఆడవాళ్ళందరూ ఒక్క గొంతుతో "నీదే! నీదే!" అన్నారు. అందరికన్నా గట్టిగా అన్నది ఆదెమ్మే. సూరమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

తవిటమ్మ ఆ కేక అయ్యాక కూడా కాసేపు అక్కడే నిలబడింది తల్లీ. ఎండ ముందుగా తన మీద పడుతోంది. మనిషెత్తు గడ్డి తన చుట్టూ ఊగుతోంది. ఆవిడకి ఎంత గర్వంగా ఉందంటే, నాకు చెబుతుంటేనే ఒళ్ళు పులకరిస్తోంది. ఆ తర్వాత కొడవలి తీసుకుని, వంగి, మొదటి గుప్పెడు గడ్డి కోసి, "ఇది అమ్మదే" అని పక్కన పెట్టింది.

చెట్టున ఉయ్యాల చెట్టుకి,
చీపురు మోపు గట్టుకి,
ఊఁ కొట్టిన పాప పక్కకి,
ఊగిన కునుకు కంటికి,
చెప్పిన కథ కంచికి,
చెయ్యి పట్టుకుని మనం ఇంటికి!